కువైటు సంపాదన - కువైటు ఖర్చు

మా ప్రాంతమున ఒకరు కువైటుకు ప్రయాణమైనారని తెలియగానే ఇరుగుపొరుగువారు అడుగు మొదటి ప్రశ్న "జీతమెంత?" అని. జవాబు దినారులలో వచ్చును. విన్నవారు నిలుచున్న చోటనే దానిని రూపాయలలోనికి మార్చుకొందురు. ప్రొద్దుటూరు బంగారపు అంగళ్లలోని గుమాస్తా మొదలుకొని జమ్మలమడుగు బస్సుస్టాండులో టీ కాచువాని వరకు ఈ గుణకారము రానివారు లేరు. పులివెందుల పల్లెలలో అక్షరము రాని అవ్వ కూడ నేడు దినారు ఎన్ని రూపాయలు పలుకుచున్నదో చెప్పగలదు. "అక్కడ ఖర్చెంత?" అని రెండవ ప్రశ్న అడుగువారు మాత్రము అరుదు. నేను మాటలాడబోవునది ఆ రెండవ ప్రశ్నను గూర్చియే. దాని జవాబు తెలియక మన ఇండ్లకు కలుగుచున్న నష్టము చిన్నది కాదు.

ముందుగా ఆ దేశమును గూర్చి నాలుగు మాటలు. కువైటు పారశీక సింధుశాఖ కొనయందు, ఇరాకునకును సౌదీ అరేబియాకును నడుమ, సముద్రతీరమున నున్న చిన్న దేశము. వైశాల్యమున మన పాత కడప జిల్లాకంటె కొంచెము పెద్దది, అంతే. మనకు పెన్న యున్నది; ఏడాదిలో చాలదినములు ఇసుకయే కనిపించినను దానిని నది యనియే పిలుచుచున్నాము. కువైటునకు ఆ పాటి నది కూడ లేదు. త్రాగునీరు చాలవరకు సముద్రపు నీటినుండి ఉప్పు తీసివేసి సిద్ధపరచినదే. బియ్యము, పప్పు, కూరగాయలు దాదాపుగా అన్నియు పరదేశములనుండి దిగుమతి కావలసినవే. నేలలోపల మాత్రము నూనె యున్నది. 1946 లో ఆ నూనె ఎగుమతి మొదలైన తరువాత దేశపు రూపమే మారిపోయెను. నేడు అచటి జనములో నూటికి డెబ్బదిమంది వరకు పరదేశీయులే. వారిలో అధికసంఖ్యాకులు భారతీయులు. వారు సుమారు పది లక్షలమంది గలరు.

ఆ దేశపు ఎండను గూర్చి వేరుగా చెప్పవలెను, ఏలయన ఖర్చు అక్కడనుండియే మొదలగును. 2016 జూలై 21 వ తేదీన కువైటులోని మిత్రిబా అనుచోట 53.9 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రత నమోదైనది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి అంగీకరించిన లెక్క యిది. జూను, జూలై, ఆగస్టు నెలలలో పగలు పదకొండు గంటలనుండి నాలుగు గంటలవరకు ఆరుబయట పని చేయించరాదని అక్కడి ప్రభుత్వపు ఆజ్ఞ. మే నెలలో ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు బండల గనులలో పనిచేసినవానికి ఎండ క్రొత్త కాదు. కాని మన యూరిలో ఎండయు ఉచితమే, నీడయు ఉచితమే. రాత్రి మిద్దెమీద చాప పరచుకొని పండుకొనినయెడల ఎవరును బాడుగ అడుగరు. అక్కడ నీడకు వెల యున్నది. చలువ యంత్రము లేని గదిలో వేసవి రాత్రి గడపుట మానవమాత్రునికి సాధ్యము కాదు గనుక ఎంత పేదవాడైనను నాలుగు గోడలకు, ఆ గోడలలోని చల్లదనమునకు బాడుగ చెల్లించియే తీరవలెను. మన రైతుకూలీకి జీవితములో ఎన్నడును లేని ఖర్చు అక్కడ మొదటి ఖర్చగుచున్నది.

ఇక దినారు సంగతి. ఒక్క దినారునకు వేయి ఫిల్సులు. మారకపు విలువలో దానిని మించిన నాణెము ప్రపంచమున నేడు మరియొకటి లేదు. మనవారు భ్రమపడుటకు ఇదియే కారణము. అయితే 1961 వరకు కువైటులో చెల్లినది మన రూపాయియే అన్నమాట చాలమందికి తెలియదు. 1959 లో మన రిజర్వు బ్యాంకు గల్ఫు ప్రాంతము కొరకై వేరు రంగులతో ప్రత్యేకముగా నోట్లు అచ్చువేయించెను. వాటి సంఖ్యలకు ముందు జడ్ అను ఇంగ్లీషు అక్షరముండెడిది. 1961 ఏప్రిలు 1 వ తేదీన కువైటు తన సొంత దినారును ప్రవేశపెట్టినప్పుడు రూపాయికి 75 ఫిల్సుల చొప్పున మార్చిరి. అనగా దినారునకు పదమూడు రూపాయల ముప్పదిమూడు పైసలు. 2025 ఏప్రిలు నాటికి అదే దినారునకు సుమారు 280 రూపాయలు. ఇరువదియొక్క రెట్లు. దినారు అంత పెరిగినదా అనినచో, లేదు. 1961 లో దినారునకు రెండు డాలర్ల ఎనుబది సెంట్లు వచ్చెడివి, నేడు మూడు డాలర్ల పావు వచ్చుచున్నవి. దినారు చాలవరకు ఉన్నచోటనే యున్నది. క్రిందికి దిగినది మన రూపాయి.

ఈ సంగతిని ఎందుకు చెప్పుచున్నాననగా, దినారు ధర పెరిగిన దినమున మన ఇండ్లలో పండుగవలె నుండును. "ఈ నెల పదిరూపాయలు పెరిగినది, ఎక్కువ వచ్చును" అని సంతోషింతురు. రూపాయి పలుచబడినప్పుడు నూనె, పెట్రోలు, బంగారము, ఎరువులు అన్నియు ఇక్కడ పైకిపోవునన్న మాట ఆ సంతోషములో మరచిపోదురు. పైగా జీతము దినారులలో పెరుగలేదు గదా. పది సంవత్సరములు ఒకే జీతమునకు పనిచేయుచున్నవారు మన గ్రామములలో లెక్కకు మించి యున్నారు.

కువైటులో మనవారి బ్రతుకు రెండు విధములు. యజమాని ఇంటనే యుండి, ఆ ఇంటిలోనే తిని, ఇంటిపనియో వంటపనియో కారు నడుపుటయో చేయువారు ఒక తెగ. వీరిది ఇరువదవ నంబరు వీసా. మనవారు ఖాదిం వీసా అందురు. కంపెనీలలో, అంగళ్లలో, కట్టడపు పనులలో నుండువారిది పదునెనిమిదవ నంబరు వీసా. ఖర్చు లెక్క ఈ రెండు తెగలకు పూర్తిగా వేరు.

రెండవ తెగవారి సంగతి ముందు చూతము. నెలకు 120 దినారుల జీతముగల ఒకాయన అనుకొందము. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి పులివెందుల దగ్గర పల్లెలో నున్నారు. దినారునకు 280 చొప్పున 33,600 రూపాయలని ఇక్కడివారు లెక్కవేయుదురు. ఊరిలో 33,600 అనగా చిన్న ఉద్యోగి జీతము. ఇప్పుడు అక్కడి లెక్క. ఫర్వానియాలోనో, అబ్బాసియాలోనో ఒక గదిలో ఆరుగురు, ఎనమండుగురు కలిసి యుందురు. దీనిని బెడ్ స్పేస్ అందురు, అనగా బాడుగ గదికి కాదు, మంచము పట్టు చోటునకు. దానికి 25 దినారులనుకొందము. కలిసి వండుకొను మెస్సునకు మరియొక 25. కంపెనీ బండి లేనిచో బస్సులకు 8. ఇంటికి ఫోను చేయుటకు 5. సబ్బు, క్షవరము, మందుబిళ్లలు, చలికాలమునకు దుప్పటి, ఎవరైన చనిపోయినప్పుడు తోటివారు వేసికొను చందా, ఇవన్నియు కలిపి 7. మొత్తము 70 దినారులు. మిగిలినది 50. అనగా 14,000 రూపాయలు. ఇంటివారు వేసిన గుణకారములో సగమునకు తక్కువ. ఇవి నేను లెక్క చూపుటకు వేసికొన్న అంకెలే. ఒక్కొక్కరికి రెండు మూడు దినారులు అటునిటు కావచ్చును. కాని సగము అక్కడనే పోవునన్నది చాలమంది విషయమున నిజము.

తిండిలో మనవారు ఎంత పొదుపరులో చెప్పనలవి కాదు. కువైటులో రొట్టె చౌక. ప్రభుత్వము ధర అదుపులో నుంచినది. మనవారు ఖుబ్బూస్ అని పిలుచు ఆ రొట్టె, మజ్జిగవంటి లబన్, ఇంటినుండి వచ్చిన చెనిక్కాయల పొడి, మామిడికాయ ఊరగాయ - ఈ నాలుగింటితో పూటలు వెళ్లబుచ్చువారున్నారు. సంగటి కావలెనన్న రాగిపిండిని ఊరినుండి వచ్చువారిచేత తెప్పించుకొందురు. పెట్రోలు కూడ చౌకయే. 2016 సెప్టెంబరులో ధర పెంచిన తరువాత సాధారణరకము లీటరు 85 ఫిల్సులు, అనగా మన లెక్కలో ఇరువదినాలుగు రూపాయలు. ప్రొద్దుటూరులో నూరు దాటియున్నది. వినుటకు ఇంపుగా నున్నది గాని, యజమాని కారు నడుపువానికి ఆ చౌకతనమువలన వచ్చునదేమున్నది? ఆదాయపు పన్ను లేదని కూడ చెప్పుదురు. నిజమే. 120 దినారులవానికి మన దేశములోను ఆదాయపు పన్ను లేదు.

వైద్యము మాత్రము చౌక కాదు. 2017 అక్టోబరునుండి ప్రభుత్వ వైద్యశాలలలో పరదేశీయులు చెల్లించవలసిన రుసుములను పెంచిరి. అందుచేత పంటినొప్పి, నడుమునొప్పి, చక్కెరవ్యాధి మొదలైన వాటిని మనవారు సెలవులో ఊరికి వచ్చువరకు ఓర్చుకొందురు. ప్రొద్దుటూరు ఆసుపత్రులలో వెచ్చించు సొమ్ము కూడ కువైటు ఖర్చే. ఇంటి లెక్కలో అది వేరు పద్దున పడుచున్నది, అంతే భేదము.

భార్యాపిల్లలను తీసికొనిపోయినచో రెండు సంసారముల ఖర్చు తప్పును గదా అని అడుగవచ్చును. 2024 జనవరిలో కువైటు ప్రభుత్వము కుటుంబవీసాలను తిరిగి ఇచ్చుట ప్రారంభించినప్పుడు దరఖాస్తుదారునికి నెలకు 800 దినారుల జీతముండవలెనని నియమము చేసెను. 120 దినారులవాడు ఆ మాట తలపెట్టనే లేడు. కనుక ఒక మనిషి సంపాదనతో రెండు చోట్ల పొయ్యి రాజవలెను. కువైటులో బ్రతుకుట కెంతయగును అను ప్రశ్నకు సరియైన జవాబు చెప్పవలెనన్న అక్కడి మంచపుబాడుగతోపాటు ఇక్కడి ఇంటి బాడుగను, పిల్లల బడిరుసుమును, తల్లి మందులను కలిపియే చెప్పవలెను.

గదిబాడుగ తగ్గించుకొనుటకు ఇరుకున నుండుట ఎంతటి ప్రమాదమో 2024 జూను 12 వ తేదీ తెల్లవారుజామున ప్రపంచమంతయు చూచినది. మంగాఫ్ అను పేటలో పనివారు నివసించు భవనమున నిప్పంటుకొని నలువదిమందికి పైగా భారతీయులు మరణించిరి. వారిలో ఆంధ్రప్రదేశమువారును ఉండిరి. అది యజమానసంస్థ తన పనివారికి ఇచ్చిన వసతి. వారు ఏరుకొన్నది కాదు. అయినను ఆ దుర్ఘటన తరువాత కొన్ని దినములవరకు మన పల్లెలలో తల్లులు ఫోనులో అడిగిన ప్రశ్న మారినది. "దుడ్లు ఎప్పుడు పంపుతావు?" అనుటకు బదులు "మీ గదిలో ఎంతమంది ఉన్నారు, కిటికీ ఉందా?" అని అడిగిరి. కొన్ని దినములకే మరల పాత ప్రశ్నయే వచ్చినది.

ఇక ఇంటిపనివారి సంగతి. మన జిల్లానుండి కువైటు వెళ్లిన స్త్రీలలో చాలమంది ఈ తెగవారే. కాగితముమీద చూచిన వీరికి ఖర్చే లేదు: యజమాని ఇంట తిండి, అక్కడనే పడక, బట్టలు, మందులు యజమాని బాధ్యత. 2015 లో కువైటు చేసిన 68 వ నంబరు చట్టము ఈ మాటలను స్పష్టముగా చెప్పుచున్నది. రోజుకు పండ్రెండు గంటలకు మించి పని చేయించరాదు. వారమున కొక దినము సెలవు. ఏటికి ముప్పది దినములు జీతముతో కూడిన విరామము. పని విడుచునప్పుడు పనిచేసిన ప్రతి సంవత్సరమునకు ఒక నెల జీతము. పాస్‌పోర్టును యజమాని తనయొద్ద ఉంచుకొనరాదు. పనికి కుదిర్చిన ఖర్చును జీతమునుండి తగ్గించరాదు. 2016 లో కనీస జీతము 60 దినారులుగా నిర్ణయించిరి. మన దేశముతో గూడ ఇంటిపనివారిని గూర్చి 2021 జూనులో ఒక ఒడంబడిక చేసికొనిరి. చట్టము మంచిది. మంచి యిండ్లును ఉన్నవి. ఇరువది ఏండ్లు ఒకే యింట పనిచేసి, ఆ యింటి పిల్లలచేత అమ్మవలె ఆదరింపబడి, బిడ్డల పెండ్లిండ్లకు యజమానులిచ్చిన కానుకలతో తిరిగివచ్చినవారిని మన ప్రాంతమున అందరు నెరుగుదురు. చట్టము తలుపుబయటనే నిలిచిపోవు యిండ్లును ఉన్నవి. అక్కడ పండ్రెండు గంటలు పదునెనిమిది అగును, వారపు సెలవు ఏడాదికొకమారు కూడ రాదు.

ఖర్చు లేదనుకొన్న ఈ స్త్రీకి ఉన్న ఖర్చు వేరువిధమైనది. మొదటిది ఫోను. చిన్నబిడ్డను తల్లియొద్ద విడిచిపోయినది గనుక రాత్రి పని ముగిసిన తరువాత ఆ బిడ్డ ముఖము చూడక నిద్రపోలేదు. ఆ ఫోను లేనిది అక్కడ ఆమె బ్రతుకలేదు. దానిని దుబారా అనువారికి దయ లేదని నా అభిప్రాయము. రెండవది, ఇంటిలోనివారు సరిగా తిండి పెట్టనప్పుడు బయటినుండి తెప్పించుకొను రొట్టె, బిస్కట్లు. మూడవది, సెలవు దొరికిన శుక్రవారము కువైటు నగరములోని మాలియాకు పోయివచ్చు ఖర్చు. అది మన తెలుగువారు కలిసికొను చోటు. అక్కడ కడప మాట వినబడును, ఊరికి పోవువారిచేత మూటలు పంపవచ్చును, ఎవరి యజమాని ఎట్టివాడో తెలిసికొనవచ్చును. ఒక టాక్సీ, ఒక భోజనము, రెండు దినారులో మూడో అగును. 60 దినారులలో అది చిన్న మొత్తము కాదు. అయినను అది మానివేసిన స్త్రీకి ఆపద వచ్చినప్పుడు చెప్పుకొనువారు లేకపోవుదురు. అట్టి ఖర్చును తగ్గించుకొమ్మని ఇంటివారు చెప్పకుండుట మంచిది.

ఇంత కష్టమున్నప్పుడు ఎందుకు పోవుచున్నారని పట్టణములవారు అడుగుచుందురు. జవాబు కష్టము కాదు. 2025-26 సంవత్సరమునకు మన రాష్ట్రమున ఉపాధిహామీ పనికి దినకూలి 307 రూపాయలు. నెలకు ఇరువదియారు దినములు పని దొరికినను ఎనిమిదివేలు దాటదు. నాడు ఆ పని ఏడాదికి నూరు దినములకే హామీగా నుండెను. 60 దినారులు పదునారువేల ఎనిమిదివందలు. పులివెందుల ప్రాంతమున చీనీతోటలున్నవారికి ఒక ఏడు ధర పలికిన రెండేండ్లు నిలువవచ్చును. తోటలేని కూలివానికి ఆ ఆశయు లేదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మగ్గములు ఎన్ని మూలబడినవో అందరును ఎరుగుదురు. పోవుట తప్పని నేననను. లెక్క తెలిసికొనక పోవుట, లెక్క తెలిసికొనక పంపుట తప్పు.

ఆ లెక్కలో అన్నిటికంటె బరువైన పద్దు విమానము ఎక్కకముందే వ్రాయబడుచున్నది. అదియే అప్పు. మన దేశమున ప్రభుత్వమువద్ద నమోదైన ఏజెంటు పనివానియొద్ద తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. నమోదు లేని మధ్యవర్తులు తీసికొను సొమ్మునకు హద్దు లేదు. లక్షన్నర అప్పు చేసినాడనుకొందము. మన యూళ్ల వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. అనగా నెలకు మూడువేలు. పైన చెప్పిన 14,000 మిగులులో మూడువేలు వడ్డీకే పోయినచో మిగిలినది పదునొకండువేలు. అందులో ఇంటి ఖర్చునకు ఎనిమిదివేలు పోయిన, అసలు తీరుటకు మూడువేలు మిగులును. లక్షన్నరకు ఈ లెక్కన అసలు తగ్గిన కొలది వడ్డీయు తగ్గునని చూచినను దాదాపు మూడేండ్లు పట్టును. వీసా సాధారణముగా రెండేండ్లకు! మొదటి రెండేండ్లు మనిషి పనిచేసినది తనకొరకు కాదు, పంపినవారి కొరకు. ఈ ఒక్క లెక్కను పలకమీద వేసి చూచుకొన్నవారు రెండవ మధ్యవర్తిని అడుగక సంతకము చేయరు.

దీనికంటె అన్యాయమైనది ఆజాదు వీసా. పేరు స్వేచ్ఛ, లోపలనున్నది వెట్టి. ఒక యజమాని పేరుమీద వీసా కొనుక్కొని, అతని యింట పనిచేయక, బయట దొరికిన పని చేసికొనుట. చట్టము దీనిని ఒప్పుకొనదు. ఆకామా, అనగా నివాసపు అనుమతి, కొత్తచేసికొనునప్పుడెల్ల ఆ కఫీలుకు సొమ్ము ముట్టజెప్పవలెను. అతడు ఎంత అడిగిన అంత. ఇవ్వని యెడల పారిపోయినాడని ఫిర్యాదు చేయును; నాటితో మనిషి దొంగవలె తిరుగవలసి వచ్చును. జబ్బు చేసిన ఆసుపత్రికి పోలేడు, తండ్రి చనిపోయిన ఊరికి రాలేడు. ఇట్టివారికి కువైటు ప్రభుత్వము అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటించును; 2018 లో ప్రకటించినది, 2024 లో మార్చి 17 నుండి జూను నెల చివరివరకు ప్రకటించినది. ఆ సమయములలో మన జిల్లాకు ఒట్టిచేతులతో తిరిగివచ్చినవారిని చూచినయెడల అక్కడ ఉండుటకు వచ్చు హక్కుకే ఎంత వెల యున్నదో బోధపడును.

ఇక ప్రొద్దుటూరు బంగారము మాట. ప్రొద్దుటూరు రెండవ బొంబాయి అని ఊరికే పేరు రాలేదు. కువైటు సొమ్ము ఎక్కడ దిగినను అందులో కొంత ఆ వీధి చేరక మానదు. కూతురు పెండ్లికి తులములు లెక్కించు మన ఆచారమున్నంతవరకు అట్లే యుండును. నేను ఆచారమును గూర్చి చెప్పబోను. లెక్క మాత్రము చెప్పెదను. 2016 నడుమ దినారు సుమారు 220 రూపాయలు, పది గ్రాముల బంగారము సుమారు 30,000. అరువది దినారుల జీతగత్తె రెండు నెలల పదిదినములు పనిచేసినచో పది గ్రాములు కొనవచ్చును. 2025 ఏప్రిలులో దినారు 280 అయినది. బంగారము లక్షను ముట్టినది. అదే జీతమునకు అదే బంగారము కొనవలెనన్న ఆరు నెలలు పనిచేయవలెను. నూరు దినారులు తెచ్చుకొనువారికి కూడ నెలన్నరకు లోపుగా వచ్చినది ఇప్పుడు మూడున్నర నెలలు దాటుచున్నది. ఆ తరువాత ధర ఇంకను పెరిగినది. ఇంటిలో మాత్రము "పెద్దదానికి పది తులములు పెట్టితిమి, చిన్నదానికి తక్కువ పెట్టుదుమా" అను మాట మారలేదు. మొదటి పది తులములకు తల్లి రెండేండ్లలోపు పనిచేసినది, రెండవ పది తులములకు అయిదేండ్లు పనిచేయవలెను. ఆ అయిదేండ్లు ఆమె ఎండలో, పరుల వంటయింట, బిడ్డల ముఖములు ఫోనులో చూచుకొనుచు గడపవలెను. "ఇంకొక రెండేండ్లుండి రా" అని ఇక్కడివారు సులభముగా అనుచున్న మాటకు అర్థమిది.

సొమ్మును అక్కడ దాచుకొనుటయు క్షేమము కాదని ఒక తరమువారు అనుభవించి తెలిసికొనిరి. 1990 ఆగస్టు 2 వ తేదీన ఇరాకు సైన్యము కువైటులో ప్రవేశించినది. ఇరాకు కువైటు దినారును రద్దుచేసినది. మనవారు చేతి మూటలతో ఎడారిదారిని జోర్డాను చేరి, అమ్మాను నగరమునుండి విమానములలో ఇల్లు చేరిరి. లక్షా డెబ్బదివేలకు మించిన భారతీయులను మన ప్రభుత్వము అట్లు తీసికొనివచ్చెను. పరిహారము తరువాత ఐక్యరాజ్యసమితి సంఘముద్వారా వచ్చినది. రావలసినవారికి సంవత్సరములు పట్టినది. కనుక నెలనెలా ఇంటికి పంపుటయే మేలు. ప్రతి పంపకమునకు మారకపు అంగడివారు రుసుము తీసికొందురు గనుక పదిదినములకొకమారు కొద్దికొద్దిగా పంపుమని అడుగక నెలకొకమారు తెప్పించుకొనుట లాభము. హుండీవాడు రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చునని ఆశపడినచో, సొమ్ము చేరనినాడు అడుగుటకు రసీదు ఉండదు.

పంపిన సొమ్ము ఎవరి పేర నున్నది అన్నది మరియొక ప్రశ్న. సంపాదించు స్త్రీ పేరుతో బ్యాంకులో వేరు ఖాతా తెరచి, అందులో నెలకు అయిదు దినారుల పాటి సొమ్ము ఎవరును తాకకుండ వేయుచున్న యిండ్లు కొన్ని యున్నవి. నెలకు 1,400 రూపాయలు. రెండేండ్లకు 33,600. తిరిగివచ్చిన దినమున ఆమె చేతిలో తనదని చెప్పుకొనుటకు కొంత యుండును. అన్నియు భర్త ఖాతాకో, అన్న ఖాతాకో పోయి, వచ్చిన తరువాత గాజులకు కూడ అడుగవలసి వచ్చినవారు మన నడుమ తక్కువగా లేరు.

బయలుదేరబోవువారికి రెండు మూడు సంగతులు చెప్పి ముగించెదను. 1983 నాటి వలసల చట్టము క్రింద కువైటు వంటి దేశములకు పోవు తక్కువ చదువుగల పనివారు ప్రభుత్వపు అనుమతి తీసికొనవలెను. ముప్పది ఏండ్లు నిండని స్త్రీలకు ఆ అనుమతి ఇవ్వరు. వయసు ఎక్కువగా వ్రాయించెదను, సందర్శకుల వీసామీద పంపెదను అని చెప్పు మధ్యవర్తిని గడప ఎక్కనీయకుడు. అట్లు పోయినవారి పేరు ఏ దస్తరములోను ఉండదు, వెదకువారికి ఆనవాలు దొరకదు. అనుమతితో పోవువారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద పది లక్షల రూపాయల బీమా గలదు. ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా అవయవలోపము కలిగినను ఆ సొమ్ము వచ్చును. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు, పన్ను వేరు. కువైటు ఖర్చులన్నిటిలోను ఇంతకంటె చౌకయైనది లేదు. ఆ పాలసీ నంబరు, పాస్‌పోర్టు నకలు, పనికరారు నకలు, చేరిన తరువాత వచ్చు సివిల్ ఐడీ నంబరు, యజమాని పేరు, అతని ఫోను నంబరు, ఇవన్నియు ఒక నోటుపుస్తకములో వ్రాసి ఇంటి బీరువాలో ఒకటి, చదువు వచ్చిన బంధువుల యింట మరియొకటి ఉంచవలెను. ఆ పుస్తకములోనే ఒక పుట విడిచి, నెలనెలా అక్కడ జీతమెంత వచ్చినది, అక్కడ ఎంత ఖర్చయినది, ఇక్కడికి ఎంత చేరినది, అప్పులో ఎంత తీరినది అను నాలుగు వరుసలు గీసికొనినచో, పిల్లలలో ఎవరైనను ఫోనులో అమ్మను అడిగి పూర్తిచేయగలరు.